దేవుడికిచ్చిన ఊరుమ్మడి వేళ

దిల్‌సుఖ్‌నగర్ నుంచి హయత్‌నగర్ దాకా ఏ కాలనీలో ఎవరిని కదిపినా ఒకటే మాట: భక్తి లేక కాదు, తీరిక లేక. దీన్ని సాకు అని కొట్టిపారేయడం తేలిక. కానీ పొద్దున ఏడున్నరకు గడప దాటి, హైటెక్ సిటీలో పని ముగించుకుని, రాత్రి తొమ్మిదికి ఇల్లు చేరే మనిషి ఈ మాట అంటే అబద్ధమని ఎలా అనగలం? ఆ మనిషికి నిజంగానే తీరిక లేదు. అయితే యాభై అరవై ఏళ్ల కిందట ఇదే నేల మీద బతికిన రైతుకు, కూలికి, ఇసుర్రాయి ముందు కూర్చున్న ఇల్లాలికి ఇంతకంటే ఎక్కువ తీరిక ఉండేదా? లేదు. వాళ్ల చాకిరీ మనకంటే ఎక్కువే, ఒంటికి దక్కిన విశ్రాంతి మనకంటే తక్కువే. అయినా వాళ్ల రోజులో, నెలలో, ఏడాదిలో దేవుడికి చేరిన కాలం మనం ఇస్తున్నదానికంటే ఎంతో ఎక్కువ. ఆ కాలం ఎక్కడి నుంచి వచ్చింది? వాళ్లు తమ సొంత తీరికలోంచి తీసి ఇవ్వలేదన్నదే నేను చెప్పదలచుకున్నది. ఊరంతా కలిసి ముందే పక్కన పెట్టిన వేళలు కొన్ని ఉండేవి. ఆ వేళకు వెళ్లి కూర్చోవడమే ఒక్కొక్కరు చేయాల్సిన పని. ఆ ఉమ్మడి వేళలు చెదిరిపోయాక ఎవరికి వారు విడివిడిగా తీరిక వెతుక్కోవాల్సి వచ్చింది. అలా వెతికితే అది దొరకడం లేదు. దైవానికి ఇంకొంత కాలం ఇవ్వాలని మనస్ఫూర్తిగా అనుకునేవాళ్లు ముందుగా ఈ సంగతి గమనించాలి.

హయత్‌నగర్ పుట్టుకలోనే దీనికి మంచి సాక్ష్యం ఉంది. ఈ ఊరికి పేరిచ్చిన హయత్ బక్షీ బేగం హైదరాబాదును కట్టించిన మహమ్మద్ కులీ కుతుబ్‌షా కూతురు, ఆ తర్వాతి సుల్తాను మహమ్మద్ కుతుబ్‌షా భార్య, అబ్దుల్లా కుతుబ్‌షా తల్లి. గోల్కొండ రాజ్యానికి మచిలీపట్నం రేవు గుండెకాయ లాంటిది. 17వ శతాబ్దం మొదట్లోనే డచ్చివాళ్లు, ఇంగ్లీషువాళ్లు అక్కడ కోఠీలు పెట్టుకున్నారు. ఆ రేవుకు పోయే బాట మీద, రాజధాని దాటగానే వచ్చే మజిలీ ఈ ఊరు. ఇక్కడ ఆమె పేరు మీద వెలసిన మసీదు ఒంటరిగా లేదు. పెద్ద ఆవరణ, దాని చుట్టూ బాటసారులు దిగడానికి గదుల వరుసలు, దగ్గరలోనే హాథీ బావి అని పిలిచే పెద్ద దిగుడు బావి, ఇవన్నీ కలిపి ఒకే కట్టడంగా ఆలోచించి కట్టారు. దీని అర్థం ఏమిటో చూడండి. సరుకు బండి తోలుకొచ్చిన మనిషి ఎడ్లను విప్పే చోటు, నీళ్లు తోడుకునే చోటు, పడుకునే చోటు, ప్రార్థన చేసే చోటు అన్నీ ఒక్కటే. నమాజు కోసం అతను ప్రయాణంలోంచి కాలం మిగుల్చుకోనక్కర్లేదు. మజిలీలోనే నమాజు ఉంది. పొద్దు గూకే వేళకు దిగినవాడు దిగగానే ఆ వరుసలో నిలబడతాడు. అదే బాట ఇప్పుడు 65వ నంబరు జాతీయ రహదారి. ఇప్పటి ప్రయాణికుడు ఆ మసీదుకు అల్లంత దూరంలోంచే విజయవాడ బస్సులో దూసుకుపోతాడు. బాటకూ ప్రార్థనకూ మధ్య ఉన్న ముడి విడిపోయింది.

బాటసారుల సంగతి అలా ఉంచి ఊరి లోపలికి వద్దాం. కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ తన పరిశోధన క్షేత్రానికి హయత్‌నగర్‌ను ఎంచుకుందంటేనే ఈ నేల ఎలాంటిదో తెలుస్తుంది. ఎర్ర చెలకలు, వాన మీద ఆధారపడ్డ జొన్న, ఆముదం, కంది. కాలువ లేదు, ఏటి నీరు లేదు. మిర్గం పడితే దుక్కి, పడకపోతే ఆకాశం వంక చూపు. ఇలాంటి చోట పని ఏడాదంతా సమంగా ఉండదు. మృగశిర నుంచి పైరు ఇంటికి వచ్చేదాకా ఊపిరి సలపదు. ఎండాకాలం వచ్చేసరికి చేతులకు పని ఉండదు. దేవుడి వేళలు ఈ హెచ్చుతగ్గులను బట్టే ఏర్పడ్డాయి. విత్తనం పడ్డాక, ముసుర్లలో రోగాలు ముసిరే ఆషాఢంలో పోచమ్మకు, మైసమ్మకు బోనాలు. తంగేడు, గునుగు విరగబూసి, వానలు వెనకబట్టే నాటికి బతుకమ్మ. అమావాస్య నాడు అరక కట్టరు. ఆ రోజు ఎద్దుకు విశ్రాంతి, మనిషికి దేవుడు. వారానికో ఒక్కపొద్దు: శివుడి ఇంటివాళ్లకు సోమవారం, వెంకన్న ఇంటివాళ్లకు శనివారం. తొలి ఏకాదశికి పేలాల పిండి. కార్తీకంలో తెల్లవారుజాము స్నానాలు, దీపాలు. ఇందులో ఏదీ ఎవరి ఇష్టానికీ వదిలిపెట్టింది కాదు. ఒక రైతుకు ఆ అమావాస్య నాడు దున్నుకోవాలని ఉన్నా పక్క చెలకలో అరక కదలదు కాబట్టి అతనూ ఆగుతాడు. అలా ఆగడంలో కొంత భయం, కొంత అలవాటు, కొంత భక్తి కలిసి ఉన్నాయి. ఏ పాళ్లలో ఉన్నాయో తేల్చడం ఎవరి తరమూ కాదు, తేల్చాల్సిన అవసరమూ లేదు. ఆ రోజు మాత్రం దేవుడికి దక్కింది.

రోజువారీ జీవితంలో ఇది ఇంకా లోతుకు పోయింది. కోడి కూసే జాముకు ఆడవాళ్లు లేచి జొన్నలు విసిరేవాళ్లు. మధ్యాహ్నం గటకకో రొట్టెకో కావలసిన పిండి చేతితో పడాలంటే చాలాసేపు పట్టేది. ఇద్దరు ఎదురుబొదురు కూర్చుని ఒకే కట్టెను పట్టి తిప్పుతుంటే, ఆ తిప్పుడు లయకు పాట వచ్చేది. ఆ పాటల్లో ఎక్కువ భాగం రామాయణమే. సీత అత్తవారింటి కష్టాలు, ఊర్మిళ నిద్ర, లక్ష్మణుడి నవ్వు, ఇలా వాల్మీకిలో లేనివి కూడా తెలుగు ఆడవాళ్లు తమ కష్టసుఖాలతో కలిపి అల్లుకున్నారు. ఉస్మానియాలో జానపద గేయాల మీద పరిశోధన చేసిన బిరుదురాజు రామరాజు లాంటివారు పల్లెల్లో సేకరించిన పాటలు చూస్తే, దేవుడి కథ ఆడవాళ్ల పనివేళల్లో ఎంత నిండిపోయిందో తెలుస్తుంది. విసరడం అయ్యాక వాకిట్లో సాన్పు చల్లి ముగ్గు వేయడం, పొద్దుగూకే వేళ గూట్లో దీపం పెట్టడం. దీపం పెట్టే వేళకు ఇంట్లో ఎవరూ పడుకోకూడదు, గొడవ పడకూడదు, ఏడవకూడదు. ఎంత చిన్న నియమమో, కానీ ఊళ్లో ప్రతి ఇంటా అదే నిమిషాన అదే నియమం. అది ఒక ఇంటి ఆచారంగా మాత్రమే ఉండి ఉంటే ఎన్నడో పోయేది. ఊరు ఊరంతా ఆ పూట గొంతు తగ్గించేది కాబట్టే నిలిచింది.

ఇదంతా ఎలా నడిచిందో తెలియాలంటే సప్తాహాన్ని దగ్గరగా చూడాలి. పంటలు ఇంటికి చేరి, పనులు సన్నగిల్లిన రోజుల్లో హనుమంతుడి గుడి ముందు తాటాకుల పందిరి వేసేవాళ్లు. మామిడాకుల తోరణాలు, మధ్యలో గద్దె మీద అఖండ దీపం. దాని చుట్టూ తిరుగుతూ ఏడు పగళ్లు, ఏడు రాత్రులు నామం చెబుతారు. నియమాలు రెండే: నామం తెగకూడదు, దీపం కొండెక్కకూడదు. మూడు గంటలకో జాము చొప్పున రోజుకు ఎనిమిది, ఏడు రోజులకు 56 జాములు. ఏ జాము ఎవరిదో పెద్దలు ముందే పంచుతారు. ఒకటి ఈ వాడ, ఇంకొకటి ఆ వాడ, ఇంకొకటి పక్క ఊరి భజన బృందం. అన్నిటికంటే కష్టమైంది నడిరాత్రి దాటాక వచ్చే జాము. కళ్లు మూతలు పడుతుంటాయి, గొంతు బొంగురు పోయి ఉంటుంది. ఆ జాముకు గట్టి గొంతున్నవాళ్లను, నిద్రకు ఆగగలవాళ్లను చూసి పెడతారు. దిగిపోయే బృందం తాళం ఆపకముందే ఎక్కే బృందం తాళం అందుకోవాలి. ఆ కొద్ది క్షణాలు రెండు బృందాలూ కలిసి పాడతాయి. వత్తి సరిచేసి నూనె పోయడానికి ఒక మనిషి కూర్చునే ఉంటాడు. ఆ నూనె ఇంటింటి నుంచి వస్తుంది. ఈ నేలలో ఆముదానికి కొదవ లేదు. చివరి రోజు ఊరేగింపు, మంగళహారతి, అందరికీ అన్నం. ఇందులో ఒక్కొక్క మనిషి ఇచ్చింది ఎంత? ఏడు రోజుల్లో ఒకటో రెండో జాములు, కాసింత నూనె, కొన్ని బియ్యం. కానీ ఊరు దేవుడికి ఇచ్చింది తెగని ఏడు రోజులు. ఒంటరిగా ఏ మహాభక్తుడూ చేయలేని పనిని మామూలు మనుషులు, అలసిపోయిన మనుషులు, పంచుకుని చేశారు. తీరిక సమస్యకు మన పెద్దలు కనిపెట్టిన జవాబు ఇంతకంటే స్పష్టంగా ఎక్కడా కనిపించదు.

ఇక్కడ ఒక బలమైన ఆక్షేపణ ఉంది, దాన్ని దాటిపోవడం అన్యాయం. ఆ కాలం అందరిదీ ఎలా అయింది? నిజాం పాలనలో ఈ బాట పొడుగునా, ముఖ్యంగా తూర్పున నల్గొండ వైపు, దొరల గడీలకు వెట్టి చేసిన కుటుంబాలు లెక్కలేనన్ని. తన ఒళ్లే తనది కానివాడికి దేవుడి వేళ ఎక్కడిది? 1946 నుంచి 1951 దాకా సాగిన రైతాంగ సాయుధ పోరాటం ఆ వెట్టి మీదే లేచింది. ఇక గుడి ముందు సప్తాహం జరుగుతుంటే మాల మాదిగ వాడలవాళ్లు ఎంత దూరాన నిలబడ్డారో అందరికీ తెలుసు. ఇది నిజం. పాత రోజులను తలుచుకునేవాళ్లు దీన్ని మింగేస్తే ఆ జ్ఞాపకానికి విలువ లేదు. కానీ వెలికి గురైనవాళ్లు దీనికి ఏమని జవాబిచ్చారో కూడా చూడాలి. హైదరాబాదులో దళితుల కోసం జీవితమంతా ధారపోసిన భాగ్యరెడ్డి వర్మ 1906లో జగన్మిత్ర మండలి స్థాపించి వాడల్లో హరికథలు చెప్పించాడు. అడ్డం పెట్టిన గోడను ధిక్కరించడానికి ఆయన ఎంచుకున్న తొలి దారుల్లో ఒకటి దేవుడి పేరు మీద నలుగురూ కూర్చునే పూట. పోతులూరి వీరబ్రహ్మం శిష్యుల్లో దూదేకుల సిద్ధయ్య ఉన్నాడు, కక్కయ్య ఉన్నాడు. ఆ సంప్రదాయపు తత్వాలను ఏ గుడి గడపా తొక్కనివ్వని వాళ్లు కూడా రాత్రుళ్లు ఏకతారా మీద పాడుకున్నారు. పీర్ల పండుగ నాడు నిప్పుల గుండం చుట్టూ హిందువు, ముస్లిం తేడా లేకుండా ఆడారు. అంటే ఉమ్మడి వేళ కావాలన్న ఆకలి అందరిదీ. తప్పంతా దాని చుట్టూ కట్టిన కంచెలో ఉంది. కంచెను వదిలి వేళను దక్కించుకోవాల్సింది. మనం రెంటినీ ఒకేసారి పోగొట్టుకున్నాం. నిజం చెప్పాలంటే కంచెలో కొంత ఇంకా మిగిలే ఉంది.

ఎలా పోయింది? ఒక్కసారిగా పోలేదు. ముందు గిర్ని వచ్చింది. పిండి మర ఊళ్లోకి రావడం ఆడవాళ్లకు ఎంత పెద్ద విడుదలో, ఇసుర్రాయి తిప్పి చేతులు బొబ్బలెక్కినవాళ్లనే అడగాలి. ఆ రాయిని మళ్లీ తెమ్మని అనడానికి ఎవరికీ నోరు రాకూడదు. కానీ రాయితో పాటు పాటా పోయింది. మిగిలిన గంట పాటకు దక్కలేదు, వేరే పనులకు పోయింది. కరెంటు దీపం వచ్చాక దీపం పెట్టే వేళకు హద్దు పోయింది. టీవీ వచ్చాక రాత్రి ఎనిమిదింటికి భజన మందిరానికి మనుషులు తగ్గారు. ఆ తర్వాత నేలే మారిపోయింది. దిల్‌సుఖ్‌నగర్, కొత్తపేట, ఎల్.బి.నగర్, వనస్థలిపురం ఒకదాని వెనక ఒకటి పెరుగుతూ వచ్చి, జొన్న చేలు ప్లాట్లయ్యాయి. 2007లో గ్రేటర్ హైదరాబాద్ ఏర్పడేసరికి హయత్‌నగర్ ఊరు మహానగరంలో ఒక మూల అయింది. 2018 సెప్టెంబరులో మెట్రో ఎల్.బి.నగర్ దాకా వచ్చింది. రాక సుఖమే, కానీ అది మనిషిని ఇంకా దూరపు కొలువుకు తీసుకుపోయింది. ఇంగ్లండు చరిత్రకారుడు ఇ.పి.థాంప్సన్ 1967లో రాసిన పేరుమోసిన వ్యాసంలో, ఫ్యాక్టరీలతో పాటు పనిని బట్టి నడిచే కాలం పోయి గడియారాన్ని బట్టి నడిచే కాలం ఎలా వచ్చిందో చూపించాడు. అక్కడ తరాల మీద జరిగింది ఇక్కడ ఒక్క తరంలో జరిగింది. ఒకే ఇంట్లో భర్తది పగటి షిఫ్టు, భార్యది అమెరికా వేళల షిఫ్టు, పిల్లలది కోచింగ్ వేళ. అందరూ మేలుకుని ఒకేచోట ఉండే గంటే లేనప్పుడు అందులో దేవుడి గంట ఎక్కడి నుంచి వస్తుంది?

అదేం మాట, ఇప్పుడున్నంత భక్తి ఎన్నడైనా ఉందా అని అడిగేవాళ్లున్నారు. తిరుమలకు రోజుకు అరవై డెబ్బై వేల మంది వెళ్తున్నారు. 2022 మార్చిలో యాదాద్రి మళ్లీ తెరుచుకున్నాక ఆదివారాలు కొండ కిక్కిరిసి ఉంటుంది. గురువారం దిల్‌సుఖ్‌నగర్ సాయిబాబా గుడి దగ్గర, మంగళ శనివారాలు కర్మన్‌ఘాట్ ఆంజనేయుడి దగ్గర నిలబడే చోటుండదు. ఇది కాదనలేని సత్యం. ఆ జనంలో ఉన్నవాళ్ల భక్తిని శంకించే హక్కు కూడా ఎవరికీ లేదు. కానీ ఆ రోజు ఎలా ఖర్చయిందో చూడండి. ప్రయాణానికి ఇంత, పార్కింగుకు ఇంత, క్యూలో ఇంత, దేవుడి ముందు క్షణకాలం. ఏడాదిలో అలాంటి రోజులు నాలుగో ఐదో. మిగతా అన్ని రోజులూ ఖాళీ. యాత్రలు పాత కాలంలోనూ ఉన్నాయి, అప్పుడు అవి ఏడాది పొడుగునా సాగే రోజువారీ భక్తికి పైమెరుగులు. ఇప్పుడు చాలామందికి అవే మొత్తం భక్తి అయ్యాయి. నిజానికి ఈ గుంపులే నా వాదానికి బలం. ఇంటి దగ్గర, వాడలో, రోజూ దొరకాల్సింది దొరకక, జనం దాని కోసం అంత దూరం పోయి అంతసేపు నిలబడుతున్నారు.

తీరిక లేకపోవడమే అసలు కారణమైతే, ఒకే ట్రాఫిక్‌లో, ఒకే రకం కొలువుల్లో ఉన్నవాళ్లందరికీ ఒకేలా తీరిక లేకుండా పోవాలి. అలా జరగలేదు. హయత్‌నగర్ బజారులోనే చూడొచ్చు: శుక్రవారం మధ్యాహ్నం జుమ్మా వేళకు ముస్లింల దుకాణాలు కాసేపు షట్టర్ దించుతాయి. బేరం పోతుందని తెలిసీ దించుతాయి. రంజాన్ నెలలో సాయంత్రం ఇఫ్తార్ నిమిషానికి రోడ్డు మీద ఉన్నవాడు కూడా ఎక్కడో ఒకచోట ఆగుతాడు. క్రైస్తవ కుటుంబాలు ఆదివారం ఉదయాన్ని దేనికీ ఇవ్వవు. వారం మధ్యలో ఒక ఇంట్లో చేరి ప్రార్థన చేసుకునే కుటుంబాలూ ఉన్నాయి. హిందువుల్లో చూస్తే, కార్తీక మార్గశిరాల్లో నల్లబట్టలు కట్టుకుని ఇదే మెట్రోలో వెళ్లే అయ్యప్ప స్వాములను గమనించండి. నలభై ఒక్క రోజులు చన్నీళ్ల స్నానం, రెండు పూటలా పూజ, ఒంటి పూట భిక్ష, నేల మీద పడక, రాత్రి ఎవరో ఒకరి ఇంట పడిపూజ. దీక్షకు ముందు రోజు దాకా పది నిమిషాలు కూడా లేవన్న మనిషికి ఇన్ని గంటలు ఎక్కడి నుంచి వచ్చాయి? కొలువు మారలేదు, దూరం తగ్గలేదు. మారింది ఒక్కటే. అతని కాలం ఒంటరిది కాకుండా పోయింది. పక్కన ఇంకో స్వామి ఉన్నాడు, గురుస్వామి ఉన్నాడు, ఇంట్లోవాళ్లు ఆ వేళను గౌరవిస్తున్నారు, ఆఫీసులో కూడా అడగకుండానే అర్థం చేసుకుంటున్నారు. బతుకమ్మ తొమ్మిది సాయంత్రాలు కాలనీ ఆడవాళ్లు టంచనుగా ఒకచోటికి చేరడం వెనకా ఇదే ఉంది. ఉమ్మడి వేళ ఎక్కడ మిగిలిందో అక్కడ తీరిక పుడుతోంది.

చదువుకున్నవాళ్లు తరచుగా చెప్పే మాట ఇంకొకటి ఉంది: దేవుడికి విడిగా వేళ ఎందుకు, చేసే పనే పూజ, మనసులో తలుచుకుంటే చాలదా? ఈ మాటలో ఎంతో లోతు ఉంది. భాగవతం తెనిగించిన పోతన హలం పట్టి బతికాడని మన సంప్రదాయం చెబుతుంది. కంచర్ల గోపన్న పాల్వంచ తహశీల్దారుగా పన్నులు వసూలు చేసే కొలువులోనే రామదాసయ్యాడు. భద్రాచలం గుడి కట్టించి, గోల్కొండ చెరసాలలో ఏళ్లకు ఏళ్లు గడిపాడు. హయత్‌నగర్ మసీదు వెలసిన శతాబ్దంలోనే పారిస్‌లో ఒక క్రైస్తవ మఠం వంటశాలలో పనిచేసిన బ్రదర్ లారెన్స్, గిన్నెల మధ్య కూడా దైవసన్నిధి తప్పదని చెప్పి లోకమంతటికీ తెలిశాడు. కానీ ఈ ముగ్గురి బతుకులూ ఒకసారి పూర్తిగా చూడాలి. లారెన్స్ వంటశాల ఉన్నది గంట కొట్టినప్పుడల్లా అందరూ ప్రార్థనకు లేచే మఠంలో. గోపన్న పాటలు నిలిచింది కొలువు కాగితాల్లో కాదు, తరతరాలుగా తెలుగు ఊళ్ల భజన గోష్ఠుల్లో. పోతన పద్యాలు రాని వీధిబడి ఒకప్పుడు ఉండేది కాదు. ఒంటరి మనసులో దైవస్మరణ నిలవాలంటే, దానికి చుట్టూ నలుగురు కలిసి నిలబెట్టిన వేళ ఆసరా ఇవ్వాలి. ఆ ఆసరా లేకుండా పనే పూజ అంటే, కొన్నాళ్లకు పని మిగులుతుంది, పూజ మాయమవుతుంది. పనిని నిజంగా పూజ చేసిన పాత కాలపు మనిషి దసరాకు తన కొడవలికి, నాగలికి పసుపు కుంకుమ పెట్టి, ఆ రోజు దాన్ని ముట్టకుండా ఉంచాడు. మనం మన కంప్యూటరును ఏ రోజు ముట్టకుండా ఉంచుతున్నాం?

టీవీల, ఫోనుల సంగతి క్లుప్తంగా చెప్పొచ్చు. 2008లో తిరుమల తిరుపతి దేవస్థానం వారి టీవీ చానల్ ఎస్వీబీసీ మొదలయ్యాక సుప్రభాతం మంచం మీద ఉన్న ముసలివాళ్ల దాకా చేరింది. గడప దాటలేనివాళ్లకు అది నిజంగా వరం, దాన్ని తక్కువ చేయకూడదు. కానీ కాళ్లూ చేతులూ ఆడేవాళ్లకు ఎప్పుడంటే అప్పుడు దొరికే భజన ఎప్పటికీ రేపటికే వాయిదా పడుతుంది. సప్తాహంలో నామం తెగకూడదన్న నియమమే మనిషిని నిద్రలోంచి లేపింది. ఆపి మళ్లీ మొదలుపెట్టుకునే వీలున్న భజన ఎవరినీ లేపలేదు.

ఇకముందు ఏం చేయాలన్నది పెద్ద పథకం కాదు. సప్తాహం, ఇసుర్రాయి, అరక తిరిగి రావు. రావాల్సిన అవసరమూ లేదు. అన్ని మతాల వాళ్లు పక్కపక్కన ఉండే ఈ నగరంలో ఒకరి వేళను ఇంకొకరి మీద రుద్దడం అసలే కూడదు, మైకు పెట్టి వీధంతా వినిపించడమూ కూడదు. ఎవరి వేళ వారు నిలబెట్టుకుని, పక్కవాళ్ల వేళను గౌరవిస్తే చాలు. కావలసింది ఒక అపార్ట్‌మెంటులో, ఒక వాడలో, చివరికి ఒక్క ఇంట్లో నలుగురూ ఒప్పుకున్న ఒక గంట. ఆ గంటకు కులం అడగకూడదు, చందా అడగకూడదు, బాగా పాడగలవా అని అడగకూడదు. ఇంట్లో వంటపని ఒకరి మీదే పడితే ఆ ఇల్లాలు ఎన్నటికీ రాలేదు, కాబట్టి ఆ పూట వంట మగవాళ్లు పంచుకోవాలి. జాములు పంచుకున్నట్టు బాధ్యత పంచుకోవాలి: ఈ శనివారం మీ ఇల్లు, వచ్చే శనివారం మా ఇల్లు, దీపం ఒకరిది, ప్రసాదం ఇంకొకరిది, కాసిని పుట్నాలూ బెల్లం ఉన్నా చాలు. ఒక వారం ఎవరికైనా కుదరకపోతే మిగతావాళ్లు నడపాలి, నామం తెగకూడదు. దేవుడికి ఎక్కువ కాలం ఇవ్వాలని నిజంగా మనసులో ఉన్నవాళ్లు రేపటి నుంచి ఒంటరిగా ముందే లేవాలని ఒట్టు పెట్టుకోవద్దు. ఈ సాయంత్రమే పక్కింటి తలుపు తట్టి, వారంలో ఏ వేళ మీకు కుదురుతుందో అడగండి.